రిఫ్లక్స్ లక్షణాల ప్రశ్నావళి: తెలుగు అనుసరణ, ప్రామాణీకరణ

పొట్టలోని ఆమ్లం, సగం అరిగిన ఆహారం అన్నవాహికలోకి ఎగదన్నినప్పుడు కలిగే బాధలను రోగి చేతనే చెప్పించి, ఆ జవాబులకు మార్కులు వేసి, జబ్బును అంచనా కట్టే పనిముట్టు రిఫ్లక్స్ లక్షణాల ప్రశ్నావళి. ఒక భాషలో తయారైన ప్రశ్నావళిని మరో భాషవాళ్ల మాటకు, తిండికి, పనిపాటలకు సరిపోయేలా మలచడం అనుసరణ. మలిచాక అది కొలవవలసినదాన్నే కొలుస్తోందా, కొలిచిన ప్రతిసారీ ఒకే తీరుగా కొలుస్తోందా అని రోగుల మీద పరీక్షించి తేల్చడం ప్రామాణీకరణ. మొదటిది భాష తెలిసినవాళ్ల పని, రెండోది లెక్కలు తెలిసినవాళ్ల పని అని విడదీసి చూడటం పరిపాటి. ఆ విభజన కాగితం మీదే నిలుస్తుంది. ప్రశ్న అర్థం కాని రోగి ఇచ్చిన అంకెను ఏ గణాంక సూత్రమూ బాగుచేయలేదు. ఈ వ్యాసం ఈ పనిని తెలుగుకు సంబంధించినంతవరకు, ముఖ్యంగా జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల పరిస్థితుల్లో పెట్టి పరిశీలిస్తుంది.

ఈ జబ్బులో ప్రశ్నావళికి ఇంత ప్రాధాన్యం రావడానికి కారణం జబ్బు నిర్వచనంలోనే ఉంది. 2006లో వెలువడిన మాంట్రియల్ నిర్వచనం ప్రకారం, పొట్టలోని పదార్థం పైకి రావడం వల్ల ఇబ్బంది పెట్టే లక్షణాలో, ఉపద్రవాలో కలిగితే దాన్ని రిఫ్లక్స్ వ్యాధి అనాలి. ఇబ్బంది ఎంతో చెప్పవలసింది రోగి. పైగా గుండెల్లో మంటతో వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఎండోస్కోపీలో అన్నవాహిక మామూలుగానే కనిపిస్తుంది. అంటే కెమెరాకు దొరకని జబ్బును మాటతో పట్టుకోవాలి. మన దేశంలో ఇది అరుదైన బాధేమీ కాదు. ఇండియన్ సొసైటీ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ నియమించిన బృందం 3,224 మందిని అడిగి 2011లో ప్రకటించిన లెక్క ప్రకారం, వారానికి ఒక్కసారైనా మంటో, పుల్లటి నీళ్లు నోట్లోకి రావడమో ఉన్నవారు 7.6 శాతం.

వాడుకలో ఉన్న ప్రశ్నావళులు

ఈ రంగంలో ప్రశ్నావళులకు కొదవ లేదు. 1996లో వెలనోవిచ్ రూపొందించినది జబ్బు వల్ల జీవనం ఎంత దెబ్బతిన్నదో కొలుస్తుంది. 2002లో బెలాఫ్‌స్కీ, పోస్ట్‌మా, కౌఫ్‌మన్ ప్రకటించిన రిఫ్లక్స్ సింప్టమ్ ఇండెక్స్ గొంతు వైపు నుంచి చూస్తుంది. గొంతు బొంగురు, మాటిమాటికీ గొంతు సవరించుకోవడం, గొంతులో ముద్ద అడ్డుపడ్డట్టుండటం, దగ్గు వంటి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు, మొత్తం 13 దాటితే అనుమానించాలి. జపాన్‌లో కుసానో బృందం 2004లో తెచ్చిన ఎఫ్‌ఎస్‌ఎస్‌జీలో పన్నెండు ప్రశ్నలున్నాయి.

ప్రాథమిక వైద్యంలో ఎక్కువగా వినిపించేది 2009లో వచ్చిన జెర్డ్‌క్యూ. ఆరే ప్రశ్నలు, గడిచిన ఏడు రోజుల గురించి. మంట, పైకి ఎగదన్నడం, వీటివల్ల నిద్ర చెడటం, డాక్టరు చెప్పినవి కాక సొంతంగా మందు వేసుకోవడం: ఇవి నాలుగూ ఎన్ని రోజులుంటే అంత ఎక్కువ మార్కులు. పొట్ట పైభాగంలో నొప్పి, వికారం అనే మిగతా రెండింటికి లెక్క తిరగబడుతుంది. అవి లేకపోతేనే మూడేసి మార్కులు, ఎందుకంటే అవి ఉంటే జబ్బు రిఫ్లక్స్ కాకుండా మరొకటి కావచ్చు. 18కి 8 లేదా అంతకు మించి వస్తే రిఫ్లక్స్ ఉందని అనుమానించాలి. ఈ లెక్కలో ఒక చమత్కారం ఉంది: ఏ బాధా లేని మనిషికి కూడా 6 మార్కులు వస్తాయి. ఫారం నింపే కొత్త సిబ్బందికి ఇది ముందే చెప్పకపోతే, ఆరు చూసి సగం జబ్బు అనుకునే ప్రమాదముంది. దీన్ని రూపొందించిన అధ్యయనంలో దాని సున్నితత్వం (జబ్బు ఉన్నవాళ్లను పట్టుకోవడం) 65 శాతం, నిర్దిష్టత (లేనివాళ్లకు లేదని తేల్చడం) 71 శాతం. పుట్టిన చోటే ఇంతమాత్రంగా పనిచేసిన పనిముట్టు నుంచి అనుసరణ తర్వాత అద్భుతాలు ఆశించకూడదు.

వేరే భాషల అనుభవం

పోర్చుగీసు ఉదాహరణ ఈ విషయంలో తరచు ప్రస్తావనకు వస్తుంది. బ్రెజిల్ పరిశోధకులు 2004లో ఒక రిఫ్లక్స్ లక్షణాల ప్రశ్నావళిని, 2007లో రెండు జీవన నాణ్యతా ప్రశ్నావళులను తమ పోర్చుగీసులో ప్రామాణీకరించి ప్రకటించారు. వాళ్లు నడిచిన దారి ఇప్పుడు అందరిదీ: ఇద్దరు విడివిడిగా అనువదించడం, రెండింటినీ కలిపి ఒకటి చేయడం, మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి మూలభాషలోకి మార్చడం, నిపుణులు కూర్చుని తేడాలు తేల్చడం, కొద్దిమంది రోగుల మీద చూసుకోవడం, ఆ తర్వాత అసలు పరీక్ష. తిరుగు అనువాద పద్ధతిని 1970లో బ్రిస్లిన్ ప్రచారంలోకి తెచ్చాడు. బీటన్ బృందం 2000లో ఈ మెట్లన్నిటినీ ఒక వరుసలో పెట్టింది. తిరుగు అనువాదానికి ఉండవలసినదానికంటే ఎక్కువ గౌరవం దక్కిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఇంగ్లీషుకు అంటిపెట్టుకుని రాసిన కృతక తెలుగు చక్కగా ఇంగ్లీషులోకి తిరిగి వెళ్తుంది. పల్లెలో మాత్రం ఎవరికీ అర్థం కాదు.

మూలం దగ్గరే చిక్కు ఉందని కూడా తేలింది. 2002లో అమెరికాలో స్పెక్లర్ బృందం రోగులను గుండెమంట అనే అర్థమున్న ఇంగ్లీషు మాటకు భావం ఏమిటని అడిగితే, తూర్పు ఆసియా మూలాలవాళ్లలో 13 శాతం మందే సరిగా చెప్పగలిగారు. తెల్లజాతివాళ్లలోనూ 35 శాతమే. అంతకుముందే, 1998లో, కార్ల్‌సన్ బృందం మాటను వదిలేసి అనుభవాన్ని వర్ణించింది: పొట్ట నుంచో ఛాతీ కింది భాగం నుంచో మెడ వైపు లేచే మంట. ఇలా అడిగితే ఎక్కువమంది రోగులు తమ బాధను పోల్చుకున్నారు. తెలుగు అనుసరణకు ఇది అన్నిటికంటే పనికొచ్చే పాఠం.

తెలుగులో జరిగిన పని

జీర్ణకోశ వ్యాధుల్లో తెలుగుకు దగ్గరి ఉదాహరణ రోమ్-3 ప్రశ్నావళికి ఆసియా రూపం. రోమ్ ఫౌండేషన్, ఆసియా న్యూరోగ్యాస్ట్రోఎంటరాలజీ సంఘం కలిసి వేసిన బృందం దాన్ని తయారుచేసి, చైనీస్, కొరియన్, థాయ్, ఇండొనేషియన్ భాషలతోపాటు హిందీ, తెలుగుల్లోనూ ప్రామాణీకరించి 2015లో నివేదిక ప్రకటించింది. లక్నోకు చెందిన ఉదయ్ ఘోషాల్ ప్రధాన రచయిత. హైదరాబాద్ నుంచి నితేశ్ ప్రతాప్ పాల్గొన్నారు. అది ప్రధానంగా పేగుల పనితీరు జబ్బులకు సంబంధించినది, రిఫ్లక్స్‌ది కాదు. అయినా పొట్ట బాధలను తెలుగులో అడిగి లెక్కకట్టవచ్చని చూపిన పని అది.

మిగతా వైద్యశాఖల అనుభవం ఇంతకంటే విస్తారం. ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో 2003లో చూపు తక్కువున్న బడిపిల్లల కోసం తయారైన ప్రశ్నావళి అనువాదం కాదు, ఇక్కడి పిల్లల రోజువారీ పనుల నుంచి అల్లినది. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం మతిమరుపు జబ్బుల కోసం ఏడెన్‌బ్రూక్ పరీక్షను తెలుగుకు మలిచి వాడింది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తర్వాత హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళాల్లో ఒక పరీక్షల సంపుటిని సిద్ధం చేయించింది. పశ్చిమ గోదావరి గిరిజన గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన మానసిక ఆరోగ్య కార్యక్రమంలో ఆశా కార్యకర్తలు కుంగుబాటు ప్రశ్నలను ట్యాబ్‌లో పెట్టుకుని ఇంటింటికీ వెళ్లి అడిగారు. ప్రశ్నావళి ఆసుపత్రి గోడ దాటి గడపలోకి వెళ్లగలదని చూపింది ఇదే.

మూడు జిల్లాలు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుంచి వచ్చినవే. 2016 అక్టోబరు 11న విడిగా ఏర్పడ్డాయి. భూపాలపల్లి నుంచి 2019లో ములుగు వేరుపడింది. మహబూబాబాద్‌కు 2022లో, మిగతా రెండింటికి 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అంతకుముందు పెద్ద జబ్బు ఏదైనా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికే దారి. 1959లో మొదలైన కాకతీయ వైద్య కళాశాల విద్యార్థులు ఈ మూడు ప్రాంతాల రోగులను అక్కడే చూస్తూ వచ్చారు. జిల్లాకో వైద్య కళాశాల ఉండటం వల్ల ప్రామాణీకరణకు కావలసిన రెండు వనరులు, అంటే రోగులు, నైతిక అనుమతి ఇచ్చే కమిటీలు, ఇప్పుడు ఊరికి దగ్గరగా దొరుకుతాయి.

2011 జనాభా లెక్కల్లో తెలంగాణ అక్షరాస్యత 66.54 శాతం. ఈ మూడు జిల్లాలు దానికంటే కిందే ఉన్నాయి. రోగి తానే చదివి టిక్కు పెట్టేలా తయారైన ఫారం ఇక్కడ చాలామంది పెద్దవాళ్ల విషయంలో మొదటి నిమిషంలోనే వేరే వస్తువుగా మారిపోతుంది: ఒకరు చదువుతారు, ఇంకొకరు వింటారు. ఇది చిన్న మార్పు కాదు. 33 దేశాల్లో 73,076 మందిని రోమ్ ప్రశ్నావళి తర్వాతి రూపమైన రోమ్-4 ప్రశ్నలు అడిగి 2021లో ప్రకటించిన సర్వేలో, ఇంటర్నెట్‌లో జవాబిచ్చినవాళ్లలో 40.3 శాతానికి ఏదో ఒక పనితీరు జబ్బు తేలితే, ఇంటికి వెళ్లి అడిగినచోట 20.7 శాతానికే తేలింది. భారత్‌లో జరిగింది ఇంటింటి సర్వేయే. దేశాలు వేరు కాబట్టి తేడా అంతా అడిగిన తీరు వల్లేనని చెప్పలేం. ఎదుట మనిషి ఉన్నప్పుడు, పక్కన కోడలో పొరుగావిడో వింటున్నప్పుడు కొన్ని బాధలు బయటికి రావన్నది మాత్రం ఆశా కార్యకర్త ఎవరైనా ఒప్పుకుంటుంది. కాబట్టి ఈ జిల్లాల్లో ప్రామాణీకరించవలసింది చదివి వినిపించే రూపాన్నే. ముద్రిత రూపానికి వచ్చిన అంకెలను దీనికి అరువు తెచ్చుకోకూడదు.

అడిగే మాట

ఈ ప్రాంతంలో పొట్ట పైభాగంలో ఏమైనా మొదటి జవాబు ‘గ్యాస్’. ఉబ్బరం గ్యాసే, తేపులు గ్యాసే, ఛాతీలో పట్టేసినా గ్యాసే, ఒక్కోసారి వెన్నులో పోటు కూడా గ్యాసే. ‘మీకు గ్యాస్ ఉందా?’ అనే ప్రశ్నకు లేదనేవాళ్లు తక్కువ. ఆ జవాబుతో ఏదీ తేలదు. పుస్తకాల తెలుగులో ‘గుండెల్లో మంట’, ‘పుల్లటి త్రేన్పులు’ అని రాస్తే అర్థమవుతుంది గానీ అడిగినట్టుండదు. ‘తిన్నంక కడుపుల నుంచి ఛాతి మీదికి మంటగా లేస్తదా?’, ‘పుల్లగనో చేదుగనో నీళ్లు నోట్లకొస్తయా?’ అని అడిగితే మనిషి తన ఒంటిని తడుముకుని జవాబిస్తాడు. చేత్తో చూపించమనడం ఇంకా మేలు. అరచేతిని రొమ్ము ఎముక మీద పెట్టి కింది నుంచి పైకి జరిపితే ఒకటి, పొట్ట మీద గుండ్రంగా తిప్పితే మరొకటి. ఈ చేతి కదలికను ప్రశ్నలో భాగంగానే రాసుకోవడం మంచిది.

‘గుండెల మంట’లో గుండె ఉంది కాబట్టి రెండువైపులా ప్రమాదం ఉంది. రిఫ్లక్స్ రోగి గుండెజబ్బని హడలిపోతాడు. నిజంగా గుండెపోటు వచ్చినవాడు గ్యాసని సోడా తాగి పడుకుంటాడు. నడిచినప్పుడో బరువెత్తినప్పుడో పట్టేసి, ఆగితే తగ్గుతుందా అనే ప్రశ్న మూల ప్రశ్నావళిలో లేకపోయినా ఇక్కడ ముందే అడగాలి. దానికి మార్కులు వేయకూడదు. అవునంటే ప్రశ్నావళి పక్కనపెట్టి ఈసీజీకి పంపాలి.

సంబోధన కూడా తేల్చుకోవలసిన విషయమే. అచ్చులో ‘మీరు’ ఉంటుంది. అడిగే ఆశా అక్క అరవై దాటిన మనిషిని ‘అవ్వా’, ‘పెద్దయ్యా’ అంటూ ‘నువ్వు’ అని అడగవచ్చు, అందులో అమర్యాద ఏమీ లేదు. అడిగేవాళ్లకు ఈ స్వేచ్ఛ ఇచ్చి, ప్రశ్నలోని అసలు వర్ణనను మాత్రం మార్చవద్దని శిక్షణలో చెప్పాలి.

రోజులు, మార్కులు, పని

గడిచిన ఏడు రోజులు అనే గడువు క్యాలెండరు చూసుకునేవాళ్లది. వారం వారం అంగడి జరిగే ఊళ్లలో పోయిన అంగడి నుంచి ఈ అంగడి దాకా అంటే లెక్క కచ్చితంగా కుదురుతుంది. రిఫ్లక్స్ సింప్టమ్ ఇండెక్స్ అడిగే గడిచిన నెలకు అమావాస్యో పండుగో ఆనవాలు కావాలి. సున్నా నుంచి ఐదు దాకా తీవ్రత చెప్పమంటే చాలామంది సున్నానో ఐదో అంటారు. నడుమ అంకెలు ఖాళీగా మిగులుతాయి. పాతతరం వాళ్లకు రూపాయి లెక్క నోట్లో ఉంది: చారాణ (పావు), ఆఠాణ (సగం), బారాణ (ముప్పావు). మందు వేసుకున్నాక ఎంత తగ్గిందంటే ‘బారాణ తగ్గింది’ అనే రోగి తనకు తెలియకుండానే నాలుగు మెట్ల కొలబద్ద వాడుతున్నాడు. యువకులకు ఈ మాటలు పాతబడిపోయాయి గనుక ఈ కొలతను వయసువారీగా పరీక్షించకుండా ఫారంలో పెట్టలేం.

ప్రశ్నల వెనక ఉన్న జీవితం మారితే మార్కుల అర్థమూ మారుతుంది. జపాన్ ప్రశ్నావళి ముందుకు వంగినప్పుడు మంట వస్తుందా అని అడుగుతుంది. బల్ల దగ్గర కూర్చునే ఉద్యోగికి వంగడం అప్పుడప్పుడు జరిగే పని. నాట్లు వేసే జనగామ కూలీకి, మిర్చి ఏరే మహబూబాబాద్ మహిళకు అది పొద్దంతా ఉండే భంగిమ. నాట్ల కాలంలో అడిగితే ఒక జవాబు, ఎండాకాలంలో మరో జవాబు వస్తే తప్పు రోగిది కాదు. భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడికి షిఫ్టులు మారుతుంటాయి, రాత్రి నిద్ర చెడిందా అన్న ప్రశ్నకు నైట్ షిఫ్టు వారంలో అర్థం ఉండదు. నిద్రపోయిన వేళ ఏదైనా, మంటకు మెలకువ వచ్చిందా అని అడగాలి. గొంతు ప్రశ్నావళికి ఇక్కడ చిక్కు ఇంకా ఎక్కువ. బొగ్గు దుమ్ములో, మిర్చి కల్లాల ఘాటులో పనిచేసేవాళ్లకు, బీడీ, చుట్ట తాగేవాళ్లకు దగ్గు, గొంతు సవరించుకోవడం మామూలే. తొమ్మిదింటిలో నాలుగైదు ప్రశ్నలకు రిఫ్లక్స్‌తో పనిలేకుండానే మార్కులు పడిపోతాయి. 13 అనే గీత ఈ జిల్లాల్లో అలాగే చెల్లుతుందని ముందే నమ్మడం తగదు. ముందు క్షయ లేదని తేల్చుకోవడం మరో తప్పనిసరి పని.

అన్నిటికంటే గట్టి ముడి జెర్డ్‌క్యూ ఆరో ప్రశ్నలో ఉంది: డాక్టరు చెప్పినవి కాక ఎన్ని రోజులు మందు వేసుకున్నారు? ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన గ్యాస్ గోలీ డాక్టరు చెప్పినట్టా, కాదా? రోగి లెక్కలో ఆర్‌ఎంపీ డాక్టరే, కాబట్టి లేదంటాడు. చట్టం లెక్కలో కాదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న పాంటోప్రజోల్, ఈనో ప్యాకెట్టు, గోలీసోడా, వాము నీళ్లు, ఇవన్నీ మందులేనా? మూల ప్రశ్న ఉద్దేశం మనిషి తన బాధకు తానే ఉపశమనం వెతుక్కుంటున్నాడా అని. కాబట్టి ఎవరిచ్చారన్నది వదిలి, దవాఖాన చీటీ లేకుండా మంటకు ఏమేం తీసుకున్నావని అడిగి, పేర్లు చదివి వినిపించి, వాటిలో వేటిని లెక్కలోకి తీసుకోవాలో నిపుణుల బృందం ముందే తీర్మానించాలి. ఒక్క ప్రశ్నే కదా అనిపించవచ్చు. 8 దగ్గర గీత గీసిన చోట మూడు మార్కులు మనిషిని ఇటునుంచి అటు దాటిస్తాయి.

అంకెల పరీక్ష

అనుసరణ ముగిశాక వచ్చే గణాంక పరీక్షల్లో ప్రశ్నలన్నీ ఒకే దిక్కుకు చూపుతున్నాయా అని చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫాకు ఎక్కడలేని ఆదరణ. 0.7 దాటితే చాలు వ్యాసం అచ్చవుతుంది. కానీ జెర్డ్‌క్యూలో రెండు ప్రశ్నలు కావాలనే ఎదురు దిక్కుకు చూపేవి. అక్కడ ఆల్ఫా తక్కువ రావడం లోపం కాదు, ఎక్కువ వస్తేనే అనుమానించాలి. మళ్లీ అడిగితే అదే జవాబు వస్తుందా అన్నది ఒకటి రెండు వారాల ఎడంతో చూస్తారు. మొదటి రోజే మందు రాసిస్తే రెండోసారికి బాధ తగ్గిపోతుంది, నడుమ దసరా వస్తే మాంసం, మద్యం వల్ల పెరుగుతుంది. అందువల్ల ఎడం తగ్గించి, ‘పోయినసారికి ఇప్పటికి ఏమైనా తేడా ఉందా’ అని విడిగా అడిగి, లేదన్నవాళ్ల జవాబులనే పోల్చడం పద్ధతి. చదవడం రానివారి సమ్మతికి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం నిష్పాక్షికమైన సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకోవాలి.

దేనితో పోల్చి సరి అనాలి? 2018 లియాన్ ఏకాభిప్రాయం ప్రకారం, 24 గంటల్లో 6 శాతానికి మించిన సమయం అన్నవాహికలో ఆమ్లం ఉంటే జబ్బు నిర్ధారణ అయినట్టే. ఎండోస్కోపీలో తీవ్రమైన పుండ్లు కనిపించినా అంతే. ముక్కులోంచి సన్నని గొట్టం వేసి రోజంతా కొలిచే పీహెచ్ పరీక్ష పెద్ద నగరాల ప్రత్యేక కేంద్రాల్లో దొరికేది. మహబూబాబాద్ జిల్లా గూడూరు నుంచో, భూపాలపల్లి జిల్లా మహాముత్తారం నుంచో హైదరాబాద్ దాకా వెళ్లి ఆ పరీక్ష చేయించుకునేవాళ్లు మందులకు లొంగని రోగులు. వాళ్ల మీద ప్రామాణీకరించిన ప్రశ్నావళి పల్లె దవాఖానకు వచ్చే మామూలు రోగి దగ్గర అదే చురుకుతో పనిచేయదు. జిల్లా ఆసుపత్రిలో ఎండోస్కోపీకి వచ్చినవాళ్లను వరసగా తీసుకుని, వాళ్లలో కొందరినైనా పీహెచ్ పరీక్షకు పంపడం నడిమి మార్గం.

తెలుగు రాని గడపలు

మహబూబాబాద్ జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులు, వారిలో లంబాడాలు అత్యధికులు. భూపాలపల్లి అడవి అంచున కోయ గూడేలున్నాయి. తండాల్లో మగవాళ్లు తెలుగు ధారాళంగా మాట్లాడినా, ఒంట్లో బాధ చెప్పేటప్పుడు వయసు మళ్లిన ఆడవాళ్లు తమ లంబాడీ భాష గోర్‌బోలీలోకి వెళ్లిపోతారు. అప్పుడు తెలుగు ప్రశ్నను కొడుకో మనవరాలో అప్పటికప్పుడు మార్చి చెబుతారు, ప్రామాణీకరణ అంతా ఆ ఒక్క నిమిషంలో ఆవిరవుతుంది. లంబాడీకి సొంత లిపి లేదు, ఇక్కడ తెలుగు లిపిలో రాసుకుంటారు. ప్రశ్నలను తండా మనిషి గొంతులో రికార్డు చేసి ఫోన్‌లో వినిపించడం లిపి సమస్యను తప్పిస్తుంది. దాన్ని మళ్లీ మొదటి మెట్టు నుంచి పరీక్షించాల్సిందే.

ఏ భాషలో అడిగినా కొన్ని లక్షణాలు మార్కుల లెక్కకు బయట ఉంటాయి: మింగడం కష్టమవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, రక్తపు వాంతి, నల్లటి విరేచనం. వీటిలో ఏదున్నా మొత్తం ఎంత వచ్చిందన్నదానితో నిమిత్తం లేకుండా ఎండోస్కోపీకి పంపాలి. చివరిదాన్ని అడిగే ముందు, ఏఎన్‌ఎం ఇచ్చిన ఐరన్ గోలీలు వేసుకుంటున్నావా అని ఒక ప్రశ్న చేర్చుకోవాలి. వాటితోనూ విరేచనం నల్లగానే అవుతుంది.